హైట్-యాష్‌బరీలో మాటల నడక: వెళ్లొచ్చాక నా రివ్యూ

రెండేళ్ల క్రితం ఒక అమెరికన్ సీరియల్‌కి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తూ ఒక చిన్న సీన్ దగ్గర తప్పు చేశాను. స్కూల్ వరండాలో ఒక కుర్రాడు ఇంకో కుర్రాణ్ణి దాటుకుంటూ వెళ్తూ మెల్లగా "ఫోర్ ట్వంటీ?" అంటాడు, రెండోవాడు తల ఊపుతాడు, అంతే సీన్. నేనూ "ఫోర్ ట్వంటీ?" అనే రాసి ముందుకెళ్లిపోయాను. సీరియల్ వచ్చాక ఒకావిడ రాశారు, "ఆ అబ్బాయి తన ఫ్రెండుని మోసగాడని ఎందుకన్నాడో అర్థం కాలేదండీ, ముందు ఎపిసోడ్‌లో ఏమైనా చూడకుండా వదిలేశామా?" అని. ఆవిడ తప్పేం లేదు. మనకి ఫోర్ ట్వంటీ అంటే 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో మోసానికి పెట్టిన సెక్షన్. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, మోసం 318వ సెక్షన్‌లోకి మారింది, అయినా మన నోళ్లలో మోసగాడు ఫోర్ ట్వంటీగాడే. కాలిఫోర్నియా పిల్లల నోట్లో అదే అంకె గంజాయికి గుర్తు. ఒకే అంకె, రెండు దేశాల్లో రెండు కథలు, నా సబ్‌టైటిల్‌లో ఒక్కటీ అందలేదు.

అప్పటి నుంచి ఇలాంటి మాట ఎక్కడ తగిలినా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. హై, స్టోన్డ్, ట్రిప్, డోప్, కూల్, కోల్డ్ టర్కీ, ఇలా ఇంగ్లీషు సీరియల్స్‌లో నిమిషానికొకటి వస్తుంది, చాలావాటికి ఎక్కడో ఒకచోట మత్తుమందుల లోకంతో చుట్టరికం ఉంటుంది, వాడేవాళ్లకి ఆ సంగతి గుర్తు కూడా ఉండదు. ఈ మే నెలలో ఫ్రీమాంట్‌లో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు, శాన్ ఫ్రాన్సిస్కోలో హిప్పీల పేటగా పేరుపడ్డ హైట్-యాష్‌బరీలో ఈ మాటల మీదే ఒక నడక టూర్ ఉందని తెలిసి వెంటనే బుక్ చేశాను. మనిషికి 40 డాలర్లు, రెండున్నర గంటలు, గుంపులో పదిహేను మందికి మించి ఉండరు. నడిపేవాళ్ల పేరు ఇక్కడ రాయట్లేదు. నాకు నచ్చనివి కూడా చెప్పబోతున్నాను, అవి గైడు మారితే మారిపోయే విషయాలు, ఒకరోజు అనుభవంతో ఒక చిన్న సంస్థకి చెడ్డపేరు రావడం నాకిష్టం లేదు. ఆ పేటలో నడకలు ఇంకా ఉన్నాయి, మీరు దేనికి వెళ్లినా ఏం అడగాలో, ఏది తేలిగ్గా నమ్మకూడదో తెలుస్తుందని రాస్తున్నాను.

ఐదుకి మూడున్నర ఇస్తాను. డబ్బు దండగ మాత్రం అస్సలు అనిపించలేదు.

మేం ముగ్గురం వెళ్లాం, నేను, చెల్లెలు, పదిహేనేళ్ల వాళ్లబ్బాయి. వాడు వస్తానన్నప్పుడు చెల్లెలికి టెన్షన్ పట్టుకుంది. "అక్కా, డ్రగ్స్ గురించి చెప్పే టూర్‌కి వాణ్ణి తీసుకెళ్లడం ఏంటే" అంది. "వాడు ఈ మాటలు రోజూ స్కూల్లో వింటూనే ఉన్నాడు కదమ్మా, ఎక్కడి నుంచి వచ్చాయో కూడా విననీ" అన్నాను. ఫ్రీమాంట్ నుంచి బార్ట్ రైల్లో సివిక్ సెంటర్ దాకా వెళ్లి, అక్కడ 7 నంబర్ బస్సెక్కితే నేరుగా హైట్ స్ట్రీట్‌లో దింపుతుంది. కారులో మాత్రం వెళ్లకండి, పార్కింగ్ కోసం తిరిగే టైములో సగం టూర్ అయిపోతుంది. స్వెటర్ తప్పనిసరి. ఫ్రీమాంట్‌లో ఎండ కాస్తోంది కదా అని చున్నీ మీద బయల్దేరాను, అక్కడ దిగేసరికి పొగమంచు, గాలి, గంటసేపు వణికాను.

గైడు డెబ్బై దాటిన పెద్దావిడ. చిన్నప్పుడు ఆ చుట్టుపక్కల పెరిగారట. గొంతు గట్టిది, మైకు అవసరం లేదు, ముఖ్యంగా తొందర లేదు. ఒక్కో చోట ఆగి ఒక మాట చెబుతారు, అది ఎవరి నోట్లో పుట్టిందో, ఇప్పుడు ఎలా వాడుతున్నారో చెబుతారు, తర్వాత మనల్ని అడుగుతారు, మీ భాషలో దీనికేమంటారు అని. ఈ అడగడం నాకు చాలా నచ్చింది. గుంపులో ఒక బ్రెజిల్ జంట, ఇద్దరు జర్మన్లు, ఒక కొరియా అమ్మాయి ఉన్నారు, ప్రతి ఒక్కరి నుంచీ ఏదో ఒకటి రాబట్టారు. నా వంతు వచ్చినప్పుడు "కిక్కు" అన్నాను. మీ మాటే, మా ఊళ్లో మందుకీ, సినిమాకీ, మిరపకాయ బజ్జీకీ కూడా వాడేస్తాం అని చెప్పాను. ఆవిడ కాగితం మీద రాసుకున్నారు.

నడక స్టాన్యన్ వీధి చివర, గోల్డెన్ గేట్ పార్కులోకి అడుగుపెట్టే చోట మొదలవుతుంది. ఒక చిన్న సొరంగం దాటి హిప్పీ హిల్ అనే పచ్చిక వాలు దగ్గరికి వెళ్తాం. ఎవరో డోళ్లు వాయిస్తున్నారు, గాల్లో వాసన ఏమిటో చెప్పక్కర్లేదు. అక్కడే "యాసిడ్", "ట్రిప్" మాటలు. ఎల్‌ఎస్‌డీని స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, శాండోజ్ కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో తయారుచేశాడు, దాని ప్రభావం మాత్రం 1943 ఏప్రిల్‌లో అనుకోకుండా తన ఒంటికే తగిలి తెలిసింది. ఆ పొడుగాటి జర్మన్ పేరులో లైసర్జిక్ ఆమ్లం అనే ముక్క ఉంది కాబట్టి వీధిలో అది ఉత్త "యాసిడ్" అయింది. ఇది సబ్‌టైటిల్స్ రాసేవాళ్లకి నిజంగా ప్రమాదకరమైన మాట. తెలుగులో యాసిడ్ అనగానే మనకి గుర్తొచ్చేవి బాత్రూమ్ సీసా, ఆడపిల్లల మీద జరిగే దాడులు. "వాడు యాసిడ్ తీసుకున్నాడు" అని రాస్తే మనవాళ్లు ఆత్మహత్య అనుకుంటారు. నేను ఎప్పుడూ "ఎల్‌ఎస్‌డీ" అనే రాస్తాను.

ట్రిప్ కూడా అంతే. మనకి ట్రిప్పు అంటే అరకు వెళ్లడం, లేకపోతే ఇసుక లారీ వేసే రెండో ట్రిప్పు. వాళ్లకి కూర్చున్న చోటు కదలకుండా మనసు చేసే ప్రయాణం. అది వికటిస్తే బ్యాడ్ ట్రిప్, అందులోంచి "బమ్మర్", అంటే ఉసూరుమనిపించేది ఏదైనా. "ఫ్లాష్‌బ్యాక్" అయితే ఎదురు దిక్కున నడిచింది, ముందు సినిమా మాట, తర్వాత 1960లలో ఎల్‌ఎస్‌డీ వాడినవాళ్లు ఎప్పుడో వారాల తర్వాత ఉన్నట్టుండి ఆ అనుభవం తిరిగొస్తే దానికి ఈ పేరు పెట్టారు. తెలుగు ప్రేక్షకుడికి ఫ్లాష్‌బ్యాక్ అంటే హీరో చిన్నప్పటి కథ, ఇంకోటి తట్టదు.

సైకెడెలిక్ అనే మాట గురించి ఆవిడ చెప్పినంత చక్కగా నేనెక్కడా వినలేదు. ఇది వీధిలో పుట్టింది కాదు, ఒక మనోవైద్యుడు పనిగట్టుకుని చేసిన మాట. హంఫ్రీ ఆస్మండ్ అనే ఆయన, రచయిత ఆల్డస్ హక్స్‌లీ ఉత్తరాలు రాసుకుంటూ ఈ మందులకి ఒక పేరు కావాలని వెతికారు, ఇద్దరూ చెరో మాట ప్రతిపాదించి ద్విపదలు కట్టుకున్నారు, చివరికి ఆస్మండ్‌దే నిలబడింది. గ్రీకులో సైకీ అంటే మనసు, డెలోస్ అంటే స్పష్టంగా కనబడేది. 1957లో వైద్యుల ముందు పెట్టిన ఆ మాట పదేళ్లు తిరక్కుండా చొక్కాల రంగులకీ పోస్టర్ల అక్షరాలకీ పేరైపోయింది. మనకి సినిమా పాటల్లో గిరగిరా తిరిగే రంగు లైట్లు ఉంటాయి చూడండి, వాటికి ఈ పేటతో చుట్టరికం ఉంది.

1966 అక్టోబర్ 6న కాలిఫోర్నియా ఎల్‌ఎస్‌డీని చట్టవిరుద్ధం చేసింది. 1967 జనవరి 14న ఇదే పార్కులోని పోలో మైదానంలో వేలమంది చేరారు, ఎల్‌ఎస్‌డీని ప్రచారం చేసిన మనస్తత్వవేత్త టిమొతీ లియరీ ఆ సభలో "టర్న్ ఆన్, ట్యూన్ ఇన్, డ్రాప్ అవుట్" అన్నాడు, అంటే మనసు మేల్కొలుపు, దానితో శ్రుతి కలుపు, ఈ వ్యవస్థని వదిలేయ్ అని. ఆ వేసవికి దేశం నలుమూలల నుంచీ పిల్లలు ఇళ్లు వదిలి ఈ నాలుగు వీధుల్లోకి వచ్చి పడ్డారు. సరిగ్గా 1967 అక్టోబర్ 6న, నిషేధం వచ్చిన ఏడాదికి, ఈ పేటవాళ్లే "హిప్పీ చచ్చిపోయాడు" అంటూ ఒక శవపేటికని ఊరేగించారు. టీవీలూ పేపర్లూ తమని బొమ్మల్లా చేసేశాయని కోపం. ఈ కథ చెబుతున్నప్పుడు గైడు గొంతు కొంచెం మారింది.

హిప్పీ అనే మాటకి తాత బీట్నిక్. శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో కాలమ్ రాసే హెర్బ్ కేన్ 1958లో, రష్యావాళ్లు స్పుత్నిక్ వదిలిన ఆరు నెలలకి, "బీట్" అనే కవుల గుంపు కుర్రాళ్లకి స్పుత్నిక్ తోక తగిలించి ఆ మాట పుట్టించాడు. హిప్పీ దాని తర్వాతది, లోకం పోకడ తెలిసినవాణ్ణి అనే "హిప్" నుంచి. మరి హిప్ ఎక్కడిది? ఇక్కడే టూర్‌లో మొదటి లోటు మొదలైంది, దాని గురించి కాసేపాగి చెబుతాను.

ముందు బాగున్నదే చెప్పనివ్వండి. హైట్ స్ట్రీట్‌లో 1966 జనవరిలో తెరిచిన సైకెడెలిక్ షాప్ ఉన్న చోట ఆగి "హెడ్ షాప్" మాట వివరించారు. యాసిడ్ హెడ్, పాట్ హెడ్ (పాట్ అంటే గంజాయి) అని మనుషుల్ని అనేవాళ్లు, వాళ్లకి కావాల్సిన గొట్టాలూ కాగితాలూ అగరొత్తులూ అమ్మేది హెడ్ షాప్. అగరొత్తులు మనవే. అప్పుడు మావాడు పక్కనున్న షాపు గోడ మీద బొమ్మ చూసి "డోప్!" అన్నాడు, బాగుందని. చెల్లెలు ఉలిక్కిపడింది. "అమ్మా, డోప్ అంటే సూపర్ అని" అన్నాడు వాడు. గైడు ఆ మాట పట్టుకుని, లిస్టులో లేకపోయినా, అక్కడే ఇరవై నిమిషాలు చెప్పారు. టూర్ మొత్తానికి అదే గొప్ప భాగం.

డోప్ అసలు డచ్చి మాట, "డోప్" అంటే ముంచుకు తినే పులుసు లాంటిది. అమెరికాలో మొదట గ్రేవీకి వాడారు, తర్వాత ఏ చిక్కటి జిడ్డు పదార్థానికైనా. నల్లమందుని వేడిచేసినప్పుడు చిక్కగా, బంకగా అయ్యే ముద్దకి ఆ పేరు వచ్చింది, అక్కణ్ణుంచి మత్తుమందులన్నిటికీ. గుర్రప్పందాల్లో ఏ గుర్రానికి మందు పెట్టారో తెలిసినవాడి దగ్గర "డోప్" ఉన్నట్టు, అంటే లోపలి సమాచారం. 1980ల హిప్‌హాప్ కుర్రాళ్లు దాన్ని మెచ్చుకోలుగా తిప్పేశారు. గ్రేవీ నుంచి మావాడి నోటిదాకా రెండు వందల ఏళ్ల దారి.

నల్లమందు ఒక్కటే ఎన్ని మాటలు ఇచ్చిందో విని ఆశ్చర్యపోయాను. శాన్ ఫ్రాన్సిస్కో 1875లోనే నల్లమందు గుడిసెల్ని నిషేధించింది, చైనా కూలీల పేటని గురిపెట్టి. ఇంగ్లీషులో దేనికోసమైనా మనసు పీకడాన్ని "యెన్" అంటారు, అది కాంటనీస్‌లో నల్లమందు యావకి ఉన్న మాట. "పైప్ డ్రీమ్", అంటే జరగని కల, ఆ గొట్టం పీల్చినవాడి కల. "జాయింట్" అంటే ముందు ఒక చోటు, నల్లమందు తాగే చోటు, ఆ తర్వాతెప్పుడో గంజాయి చుట్ట. మన పాత నవలల్లో నల్లమందు భాయిలు ఉంటారు కదా, అందరూ ముసలివాళ్లే. ఇక్కడ ఆ ముసలి మాటలు ఆఫీసు మీటింగుల్లో తిరుగుతున్నాయి. ఒక మేనేజర్ ఫలానా టార్గెట్ "పైప్ డ్రీమ్" అన్నప్పుడు ఆ గదిలో ఎవరికీ పొగ కనబడదు.

ఇప్పుడు నచ్చనివి.

గ్రేట్‌ఫుల్ డెడ్ బ్యాండ్ ఉన్న 710 యాష్‌బరీ ఇంటి ముందు నిలబెట్టి, ఫోర్ ట్వంటీ అనేది పోలీసుల రేడియో కోడ్ అని చెప్పారు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఈ నడకకి నేను వచ్చిందే ఆ అంకె కోసం. నిజం ఇంతకన్నా అందంగా ఉంటుంది. గోల్డెన్ గేట్ వంతెన అవతల శాన్ రఫాయెల్ ఊళ్లో, 1971లో, హైస్కూల్ కుర్రాళ్లు ఐదుగురు ఒక గోడ దగ్గర కూర్చునేవాళ్లు, అందుకే వాళ్లకి వాల్డోలు అని పేరు. పాయింట్ రేయస్ దగ్గర కోస్ట్ గార్డ్ మనిషి ఒకడు వదిలేసిన గంజాయి మడి ఉందని వాళ్ల చేతికి ఒక మ్యాప్ దొరికింది. ఆటలయ్యాక సాయంత్రం 4 గంటల 20 నిమిషాలకి స్కూల్లోని లూయీ పాశ్చర్ విగ్రహం దగ్గర కలుసుకుని వెతకడానికి పోదాం అనుకున్నారు. వరండాలో ఎదురైతే "4:20 లూయీ" అని గుర్తు చేసుకునేవాళ్లు, తర్వాత లూయీ రాలిపోయి అంకె మిగిలింది. వారాల తరబడి వెతికారు, ఆ మడి మాత్రం దొరకలేదు. వాళ్లలో కొందరికి కుటుంబాల ద్వారా గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లతో పరిచయం ఉంది, మాట అలా బ్యాండ్ అభిమానుల్లోకి పాకింది, 1990 చివర ఓక్లండ్‌లో పంచిన ఒక కరపత్రం గంజాయి మీద నడిచే హై టైమ్స్ పత్రికకి చేరింది, అక్కణ్ణుంచి లోకమంతా. వాల్డోలు 1970ల నాటి ఉత్తరాలు దాచుకున్నారు కాబట్టి రుజువు కూడా ఉంది, ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 2017లో ఈ మాటని చేర్చుకుంది. పోలీసు కోడ్ కథ ఆ కరపత్రం మోసుకొచ్చిన పుకారు. ఏప్రిల్ 20న ఇప్పుడు పండగలా చేసుకుంటారు, కొలరాడోలో హైవే మీద 420వ మైలురాయిని జనం పీక్కుపోతున్నారని 419.99 అని రాసి పాతారు, 2003లో కాలిఫోర్నియా వైద్య గంజాయి బిల్లుకి కూడా 420 నంబరే పడింది.

టూర్ అయ్యాక పక్కకి పిలిచి ఈ సంగతి మెల్లగా చెప్పాను. ఆవిడ నొచ్చుకోలేదు. "ఇన్నేళ్లుగా ఇలాగే చెబుతున్నాను, ఎవరూ కాదనలేదు" అని కాగితం తీసి లూయీ పాశ్చర్ పేరు రాసుకున్నారు. తర్వాత ఇండియాలో ఫోర్ ట్వంటీ అంటే ఏమిటో నేను చెబితే ఎంతసేపు నవ్వారో.

రెండో లోటు ఇంకా పెద్దది, స్టార్ తగ్గించింది దానికే. రెండున్నర గంటల్లో నల్లజాతి సంగీతకారుల ఊసు ఒక్కసారి కూడా రాలేదు. హిప్, కూల్, గ్రూవీ, డిగ్ (నచ్చడం, అర్థమవడం), రీఫర్ (గంజాయి చుట్ట), ఇవన్నీ హిప్పీలు కనిపెట్టినట్టే సాగింది. టూర్ చివర ఇచ్చే రెండు పేజీల మాటల చీటీలో కూడా "గ్రూవీ, 1960లు" అని ఉంది. క్యాబ్ క్యాలోవే అనే జాజ్ గాయకుడు న్యూయార్క్‌లోని నల్లవాళ్ల పేట హార్లెం యాసకి ఒక చిన్న నిఘంటువు వేశాడు, అందులో గ్రూవీ ఉంది, డిగ్ ఉంది, హెప్ క్యాట్ ఉంది. అది వచ్చిన ఏడాది 1938. హైట్ స్ట్రీట్‌కి పిల్లలు రావడానికి దాదాపు ముప్పై ఏళ్ల ముందు. గ్రామఫోన్ రికార్డు గాడిలో సూది సరిగ్గా కూర్చుంటే పాట ఎలా సాగుతుందో, అలా వాయించేవాణ్ణి మెచ్చుకునే మాట గ్రూవీ. కూల్ అనే మాటని ఈ అర్థంలో జనంలోకి తెచ్చింది శాక్సోఫోన్ వాయించే లెస్టర్ యంగ్ అంటారు. హిప్ ఎక్కణ్ణుంచి వచ్చిందో పండితులు ఇప్పటికీ తేల్చలేదు, ఆఫ్రికా వోలోఫ్ భాష నుంచి అనేవాళ్లున్నారు, కాదనేవాళ్లూ ఉన్నారు, కానీ హిప్పీల చేతికి అది జాజ్ వాళ్ల దగ్గర నుంచి బీట్ కవుల మీదుగా వచ్చిందన్నదాంట్లో గొడవ లేదు.

వాళ్లకి ఆ రహస్య మాటలు ఎందుకు అవసరమయ్యాయో చూడండి. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1928లో "మగుల్స్" అని ఒక రికార్డు చేశాడు, మగుల్స్ అంటే గంజాయి చుట్టలని తెలిసినవాళ్లకి తెలుసు, తెలియనివాళ్లకి అదొక మామూలు పాట. 1930లో ఇదే కాలిఫోర్నియాలో, కల్వర్ సిటీలో క్లబ్బు బయట గంజాయి తాగుతున్నాడని ఆయన్ని అరెస్టు చేశారు. 1937లో గంజాయి పన్ను చట్టం వచ్చింది, దాని వెనకున్న మత్తుమందుల శాఖ అధిపతి హ్యారీ ఆన్‌స్లింగర్ జాజ్ వాళ్ల మీద ప్రత్యేకంగా ఫైలు పెట్టాడు. పీల్చినప్పుడు బుస్సుమంటుందని తాగేవాళ్లని "వైపర్లు", అంటే పాములు అన్నారు. మెజ్ మెజ్రో అనే క్లారినెట్ ఆయన హార్లెంలో మంచి సరుకు అమ్మేవాడని మేలు రకానికి "మెజ్" అని పేరు. పోలీసుకి ఒక మాట తెలిసిపోగానే ఇంకోటి, టీ, వీడ్, పాట్, గ్రాస్. మాట బయటపడితే మనిషి జైలుకి పోయే రోజుల్లో పుట్టిన భాష అది. ముప్పై ఏళ్ల తర్వాత మధ్యతరగతి తెల్లపిల్లలు దాన్ని తలకి పూలు పెట్టుకున్నట్టు పెట్టుకున్నారు. వాళ్లు ఇష్టంతోనే తీసుకున్నారు, ఆ ఇష్టాన్ని నేను తప్పుపట్టను. కానీ 40 డాలర్లు తీసుకుని మాటల పుట్టుక చెబుతామన్నప్పుడు ఆ పుట్టింటి పేరు చెప్పాలి. నిజానికి ఆ పేటకి కొద్ది దూరంలోనే ఫిల్‌మోర్ ఉంది, 1940, 50లలో జాజ్ క్లబ్బులతో కళకళలాడిన నల్లవాళ్ల పేట. అక్కడ ఒక్క పది నిమిషాలు ఆగినా సరిపోయేది.

మన వాటా కూడా చీటీలో సగమే ఉంది. "గాంజా, జమైకా మాట" అని రాశారు. అది సంస్కృతం గంజా, మన గంజాయి. 1845 మే 10న బ్లండెల్ హంటర్ అనే ఓడ జమైకా ఓల్డ్ హార్బర్ రేవులో మొదటిసారి భారతీయ కూలీలని దింపింది, చెరకు తోటల కోసం. మొక్క, పేరు, చిలుం, ఈ మూడూ వాళ్లతో వెళ్లాయి. బానిసత్వం పోయిన తోటల్లోకి గిరిమిటి, అంటే ఒప్పందపు కూలీలుగా వెళ్లిన మనుషులు, వాళ్ల మూటలో ఒక మాట, అది వందేళ్ల తర్వాత రెగే పాటల్లో ప్రపంచం చుట్టి ఇక్కడ టీషర్టు మీద కనబడుతోంది. తులసివనంలో గంజాయి మొక్క అని మనం తిట్టే మొక్కకి ఇంత దూరం నడిచిన పేరుంది. ఇంకోటి, పోలీసు మనిషిని "నార్క్" అంటారు, అమెరికాలో అది నార్కోటిక్స్‌కి పొట్టిపేరు, కానీ ఇంగ్లండ్‌లో వేగులవాణ్ణి "నార్క్" అనడం ఇంకా పాతది, అది రొమానీ సంచారుల భాషలో ముక్కుకి ఉన్న "నాక్" నుంచి వచ్చిందంటారు. హిందీ వచ్చినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మా చెల్లెలి టెన్షన్ తీరింది క్లేటన్ వీధిలో. 558 నంబరు ఇంటి ముందు ఆగి గైడు ఫ్రీ క్లినిక్ కథ చెప్పారు. 1967 జూన్ 7న డేవిడ్ స్మిత్ అనే కుర్ర డాక్టర్ తెరిచాడు. బ్యాడ్ ట్రిప్‌లో వణుకుతూ వచ్చిన పిల్లల్ని నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూర్చోబెట్టి, మాటలు చెబుతూ మెల్లగా కిందికి దించేవాళ్లు, "టాక్ డౌన్" అనేవాళ్లు దాన్ని. ఆ ఏడాది చివరికే స్పీడ్ (యాంఫెటమిన్ లాంటి ఉత్తేజక మందు), హెరాయిన్ వచ్చేశాయి, "స్పీడ్ కిల్స్" అనే నినాదం రోడ్డు ప్రమాదాల బోర్డు మీద కాక ఈ అర్థంలో మారుమోగింది. హుక్డ్ (బానిసవడం), స్ట్రంగ్ అవుట్ (మందుతో చితికిపోవడం), ఓడీ (మోతాదు మించి ప్రాణం మీదికి రావడం), క్రాష్ (మత్తు దిగి కుప్పకూలడం), ఇవి పార్కులో విన్న మాటల్లాంటివి కావు, వీటిలో సంబరం లేదు. కోల్డ్ టర్కీ కూడా అక్కడే చెప్పారు. ఒక్కసారిగా మానేసినప్పుడు ఒళ్లంతా చల్లబడి, ఈకలు పీకిన టర్కీ కోడి చర్మంలా రోమాలు లేస్తాయి కాబట్టి ఆ పేరు అన్నారు. చాలామంది అలాగే చెబుతారు, వినడానికి బాగుంటుంది కూడా, కానీ అంతకుముందే "టాక్ కోల్డ్ టర్కీ" అంటే నాన్చకుండా సూటిగా మాట్లాడడం అనే వాడుక ఉంది, దాన్నుంచి రావడమే నమ్మదగ్గది. మావాడు అంతసేపూ ఫోన్ చూడలేదు. తిరిగొచ్చే రైల్లో, వాళ్ల స్కూల్లో ఫెంటనిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు గురించి ఏం చెప్పారో, ఎవరైనా పడిపోతే ముక్కులో కొట్టే నాలోక్సోన్ స్ప్రే ఎక్కడ ఉంటుందో వాడంతట వాడే వాళ్లమ్మకి చెప్పాడు. ఇంట్లో ఇన్నాళ్లూ రాని మాట అది.

నాకు మన ఏజెన్సీ గుర్తొచ్చింది. పాడేరు వైపు పట్టుబడ్డ గంజాయి వార్తల్లో "శీలావతి" అనే రకం పేరు చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది, ఏ ఇంటి ఆడపిల్ల పేరో మూటల మీద అతికించినట్టు. ఆ మూట మోసి మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) కేసులో ఇరుక్కునే గిరిజన కుర్రాళ్లకి ఏ మాటలున్నాయో ఎవరైనా శ్రద్ధగా రాసిపెడితే బాగుండు.

వెళ్లేవాళ్లకి కొన్ని సంగతులు. కాలిఫోర్నియాలో 2016 ఓటింగ్ తర్వాత 21 ఏళ్లు దాటినవాళ్లకి గంజాయి చట్టబద్ధం, ఆ వీధిలో దుకాణాలు మెడికల్ షాపుల్లా ఉంటాయి. కానీ ఫెడరల్ చట్టం ప్రకారం ఇప్పటికీ నేరమే, వీసా మీదున్నవాళ్లూ గ్రీన్ కార్డు వాళ్లూ వాడామని ఒప్పుకున్నా ఇమిగ్రేషన్‌లో చిక్కులొస్తాయి. సరదాకి కూడా లోపలికెళ్లి కొనకండి. నడకలో ఎత్తుపల్లాలున్నాయి, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలంటే ఆలోచించండి, మధ్యలో బాత్రూమ్ పార్కులో ఒక్కచోటే దొరికింది. పిల్లలు పధ్నాలుగు దాటితే నిస్సంకోచంగా తీసుకెళ్లొచ్చు. శనివారం పొద్దున స్లాటు మేలు, మధ్యాహ్నానికి వీధి కిక్కిరిసిపోతుంది. మాటల చీటీ పారేయకండి, కానీ దాని మీద పెన్నుతో 1938 అని రాసుకోండి.

చివరగా హైట్, యాష్‌బరీ వీధులు కలిసే మూలన నిలబెట్టి పైన గడియారం చూపించారు. 4:20 దగ్గరే ఉంది. అందరూ ఫొటోలు తీసుకున్నారు, నేనూ తీసుకున్నాను. ఆ రాత్రే చెల్లెలి ఇంట్లో లాప్‌టాప్ తెరిచి, పాత సీరియల్ ఫైలు వెతికి, దిద్దుబాట్లు తీసుకునే ఎడిటర్‌కి ఆ ఒక్క లైను మార్చమని మెయిల్ పెట్టాను. వరండాలో కుర్రాడు ఇప్పుడు "సాయంత్రం దమ్ముకి వస్తావా?" అంటాడు. అంకె పోయింది, ఆ బాధ ఉంది, కానీ రెండోవాడు తల ఎందుకు ఊపాడో తెలుస్తుంది.